బాన తాగిన బ్లీచ్

కొచబంబా,
ఏప్రిల్ చివరి వారం

ఎర్మీనియా అత్తకు మేనల్లుడు రెనాన్ కోపం దిగమింగుకుని చేస్తున్న నమస్కారం.

తప్పు జరిగింది. చేసింది మీరు. ఈస్టరుకు ఊరొచ్చినప్పుడు నా కళ్ళతో చూశాను. శాన్ ఇసిద్రో పండక్కి ఊరంతా తాగబోయే మొక్కజొన్న కల్లు, మన చీచా, పులిసేది మీ పెద్ద మట్టిబానలో. ఆ బానను మీరు కాలవ నీళ్ళు చల్లి, పిడికెడు గడ్డితో పైపైన రుద్ది, అడుగున పాత మడ్డి అలాగే ఉంచేసి మూత పెట్టేశారు. ఆ కాలవ ఎగువన మీ పక్కింటి సతుర్నీనా వాళ్ళ పందులు స్నానం చేస్తాయి. అవి మీకంటే శుభ్రంగా చేస్తాయేమో కూడా.

ఇదివరకైతే ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు కలరా పెరూ నుంచి సరస్సు దాటి మన లోయలోకి దిగింది. పొద్దున పొలం దున్నిన మనిషి సాయంత్రానికి ఎండు తొక్కలా ముడుచుకుపోతున్నాడు. దొరలు మనకు మంచినీళ్ళు ఇవ్వరు, కరపత్రాలు ఇస్తారు. అవి అచ్చయ్యేది నేను పనిచేసే ప్రెస్సులోనే. మడతపెడుతూ అన్నీ చదివాను. చదివిన దగ్గర్నుంచి మంచినీళ్ళు తాగాలన్నా భయం, తాగకపోయినా భయం.

ఇంకో మాట. ఆరోగ్య దళం వాళ్ళు తెల్ల చొక్కాలేసుకుని చీచా అమ్మే ఇళ్ళ వెంట తిరుగుతున్నారు. శుభ్రంగా లేని బానను సుత్తితో పగలగొడుతున్నారు. బాన పోతే మీ బతుకేమవుతుందో నాకు తెలుసు. బాన పోకుండా ఊరు పోతే ఏమవుతుందో మీరూ ఆలోచించండి.

బస్సు డ్రైవరు నతనియేల్ చేత ఒక బ్లీచ్ సీసా, రెండు కరపత్రాలు పంపుతున్నాను. బానను దాంతో కడగండి. పోరాటం ఇంట్లోంచే మొదలవ్వాలి.

ఇట్లు,
మీ మేలు కోరి, మీ చేతి చీచాకు భయపడే
రెనాన్

తా.క.: ఆ రోజే మొహం మీద చెప్పి ఉండాల్సింది. నోటినిండా మీరు పెట్టిన జున్నూ, ఉడికించిన మొక్కజొన్న గింజలూ ఉండటం వల్ల కుదరలేదు.

*

చిల్లిచి పంపా

చిరంజీవి రెనాన్‌కు అత్త ఎర్మీనియా దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఉత్తరం రాకముందు ఇంకా బాగున్నాం.

ఒరేయ్, ఆ బాన మా అత్తగారు కాపురానికి వస్తూ గాడిద మీద కట్టి తెచ్చుకున్నది. పులుపు దాని గోడల్లోనే కాపురం ఉంటుందని, మరీ తోమి దాన్ని ఇల్లు వెళ్ళగొట్టొద్దని ఆవిడ చెప్పింది. నువ్వు పుట్టిన రోజు మీ నాన్న ఆ బాన చీచానే నాలుగు చుక్కలు నేలతల్లికి పోసి, మిగతాది తను పోసుకుని, ఆడపిల్ల పుట్టిందని ఊరంతా చెప్పొచ్చాడు. అప్పుడెవరికీ ఏ రోగమూ రాలేదు. మీ అమ్మకు కోపం వచ్చింది, అంతే.

కానీ నీకు అబద్ధం చెప్పను. నాకూ భయంగానే ఉంది. కలరా అంటే కాదు. కాలవ అవతలి ఊళ్ళో దళం వచ్చి ఒక ముసలావిడ బానలు మూడూ పగలగొట్టిందట. చూడ్డానికి వెళ్ళాను. పెంకుల మధ్య కూచుని, ఏ పెంకు ఏ బానదో వేరు చేస్తూ ఉంది. నన్ను చూసి, "సాయం చెయ్యవే, ఇది దేనిదో ఆనవాలు దొరకట్లేదు" అంది. అప్పట్నుంచి కుక్క మొరిగితే చాలు, లేచి వెళ్ళి బాన ముందు నిలబడుతున్నాను. మీ మామయ్య పోయాక, చీచా ఉందని వాకిట్లో కట్టే జెండా ఒక్కటే నాకు తోడు. ఆ తెల్లగుడ్డ ఎగరకపోతే నా గడప తొక్కేదెవరు?

అందుకని నీ మాట వింటాను. కానీ ఎంత పొయ్యాలి? సీసా మీద తెల్ల చొక్కా బొమ్మ ఉంది. నా బానకు చొక్కా లేదు. ఒక కాగితంలో తాగే నీళ్ళకు చుక్కలు అని ఉంది, ఇంకోదాంట్లో నేల కడగడానికి అరగ్లాసు అని ఉంది. బాన నీళ్ళ లెక్కలోకి వస్తుందా, నేల లెక్కలోకి వస్తుందా? మట్టితో చేసింది కాబట్టి నేలే అనుకుంటున్నాను. తొందరగా రాయి.

దీవెనలతో,
ఎర్మీనియా అత్త

తా.క.: నతనియేల్ ఆ సీసాను తొడల మధ్య పెట్టుకుని బండి నడిపాడు. మూత కారింది. ఇప్పుడు ఆయన నీలం ప్యాంటు మీద తెల్లగా మన దేశపటం తేలింది. చిలీ వాళ్ళు లాక్కున్న సముద్రం కూడా అందులో మనకు తిరిగొచ్చిందని అందరికీ చూపిస్తున్నాడు. చూసేవాళ్ళకే సిగ్గుగా ఉంది.

*

కొచబంబా

అత్తకు రెనాన్ వందనాలు.

మీ ఉత్తరం చదివి నా రక్తం మరిగింది. మూడు బానలు. ఆ ముసలావిడ పెంకులు ఏరుకుంటుంటే ఈ దేశం ఏం చేస్తోంది? కొళాయి వేయించనివాడు సుత్తి ఎలా పంపిస్తాడు? మురికినీళ్ళు తాగించినవాడే, మురికిగా ఉన్నావని శిక్ష వేస్తాడా? ఈ విషయం మీద నేను తొమ్మిది పేజీలు రాశాను, జతచేస్తున్నాను. సతుర్నీనాకు కూడా వినిపించండి. పందుల సంగతి ఉన్న పేరా వదిలేయండి.

మీరు మోతాదు అడిగారు. ప్రశ్న అది కాదత్తా. కంటికి కనపడని శత్రువు మీ బాన గోడల్లో కాపురం ఉన్నాడని మీరే రాశారు. అలాంటివాడి దగ్గర చుక్కలు, చెంచాలు లెక్కపెట్టేది పిరికివాళ్ళు. దయ చూపకండి. ధైర్యంగా పోయండి. దళం వచ్చేసరికి మీ బాన ఆసుపత్రి గదిలా వాసన రావాలి.

మీ కోసం నిద్ర లేకుండా భయపడుతున్న
రెనాన్

తా.క.: మొదటి సీసా సగం డ్రైవరు ప్యాంటుకే పోయింది కాబట్టి ఇంకొకటి పంపుతున్నాను. పెద్దది.

*

చిల్లిచి పంపా

రెనాన్‌కు,

దీవెనలు తర్వాత. ముందు సంగతి విను.

నువ్వు దయ చూపొద్దన్నావు, చూపలేదు. పెద్ద సీసా మొత్తం బానలోకి వంచేశాను. అడుగున మడ్డి ఉంది. పుల్లగా, మంచి మడ్డి. మొదట ఏమీ లేదు. తర్వాత లోపల ఎవరో బుస కొట్టినట్టయింది. వంగి చూశాను. రెనాన్, ఆ బానలోంచి పసుపూ పచ్చా కలిసిన పొగ నా మొహం మీదికి లేచింది. కారం లొకోటో మిరపకాయలు నూరి గొంతులో కూరినట్టు మండింది. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. కళ్ళు కనపడలేదు. గోడ పట్టుకుని, ఆ తర్వాత నేల పట్టుకుని, వాకిట్లోకి పాకాను. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. చచ్చేటప్పుడు దేవుడు గుర్తుకు రావాలంటారు. నాకు నువ్వు గుర్తొచ్చావు. ఏమని గుర్తొచ్చావో ఉత్తరంలో రాయకూడదు.

కోళ్ళన్నీ గోడెక్కి కూచున్నాయి. ఆ దగ్గు విని సతుర్నీనా కంచె దగ్గరకొచ్చింది. నేలతల్లికి కోపం వచ్చిందని, మందు నీళ్ళు ఆమె నోట్లో పోస్తే ఉమ్మదా అని అడిగింది.

ఇప్పుడు పొగ లేదు, దగ్గు ఉంది. బాన మాత్రం ఆ వాసన తాగేసింది. నీళ్ళతో ఎంత కడిగినా గోడల్లోంచి మళ్ళీ ఊరుతోంది. లోపల పులుపు వాసన చచ్చిపోయింది. మా అత్తగారి చెయ్యి వాసన అది.

నిన్ను ఒకటి అడుగుతాను, నిజం చెప్పు, మీ అమ్మకు చెప్పను. పట్నంలో సీసా బీరు అమ్మేవాళ్ళు పల్లెల్లో చీచా మాన్పించడానికి మనుషుల్ని పెట్టుకున్నారని సంతలో అనుకుంటున్నారు. నువ్వు వాళ్ళ మనిషివా?

మంగళవారం సంతలో ఒక డబ్బా వెనిగర్ కొంటాను. వాసనకు వాసనే విరుగుడని సతుర్నీనా చెప్పింది. పందుల గొడవ తర్వాత ఆమెతో మాటల్లేవు నాకు. భయమేసినప్పుడు ఎవరితోనైనా మాట్లాడతాం.

అత్త

తా.క.: పిల్లి క్షేమం. నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది.

*

కొచబంబా, సోమవారం
నతనియేల్ చేతికి. ఆలస్యం చేయకూడదు.

అత్తా,

వెనిగర్ పోయకండి. నిమ్మరసం పోయకండి. పుల్లగా ఉండేదేదీ ఆ బానలో పోయకండి. ఆ గదిలోకే వెళ్ళకండి.

మీ ఉత్తరం చదివి వీధి చివర ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తాను. అక్కడ లిగియా అని నర్సు ఉంది. నేను చెప్పింది విని కుర్చీలో కూలబడింది. బ్లీచ్‌లో పుల్లటిది కలిస్తే విషవాయువు పుడుతుందట. మూసిన గదిలో మనిషిని చంపేయగలదట. మీ మడ్డి పుల్లనిది. వెనిగర్ ఇంకా పుల్లనిది. బానలో ఇంకా బ్లీచ్ ఉంది. ఈసారి మీరు వాకిట్లోకి పాకలేరేమో.

ఈ సంగతి ఏ కరపత్రంలో ఉందని అడిగాను. కింద చిన్న అక్షరాల్లో ఉందని చూపించింది. ఉంది. నేనే మడతపెట్టాను, సరిగ్గా ఆ వాక్యం మీద.

తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచండి. దగ్గు తగ్గకపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే బస్సెక్కి లిగియా దగ్గరకు రండి. అత్తా, బతికి ఉంటే ఒక ముక్క రాయండి. తిట్టయినా ఫరవాలేదు.

మీ తిట్టు కోసం ఎదురుచూసే
రెనాన్

తా.క.: ఊరంతా నన్ను హంతకుడన్నా పడతాను. బీరు కంపెనీ మనిషి అనడం మాత్రం ఘోరం. వాళ్ళకు వ్యతిరేకంగా నేను రాసిన కరపత్రం చదివినవాళ్ళు నలుగురున్నారు.

*

చిల్లిచి పంపా

చిరంజీవి రెనాన్‌కు, బతికే ఉన్న ఎర్మీనియా అత్త రాసేది.

నీ ఉత్తరం అందింది. అందడానికి ముందే ఊరందరికీ అందింది.

నతనియేల్ నీ ఉత్తరం చదవలేదు. కానీ అది ఇస్తున్నప్పుడు నీ మొహం చూశాడట. నువ్వు ఏడుస్తూ, బాన ముట్టుకోవద్దని చెప్పు, ముట్టుకుంటే చస్తుందని చెప్పు, అన్నావట. అతనికి తెలిసింది అంతే. మిట్ట దగ్గర్నుంచే హారన్ నొక్కుతూ దిగాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎర్మీనియా బానను ముట్టుకోకండి, ముట్టుకున్నవాళ్ళు చస్తారు" అని అరుచుకుంటూ వచ్చాడు. నేనప్పుడు వెనిగర్ డబ్బా మూత తీసి చేత్తో పట్టుకుని ఉన్నాను. అది జారి నేల మీద ఒలికింది. నేల మీదే ఒలికింది, భయపడకు.

ఈ కాలంలో ముట్టుకుంటే చస్తారంటే జనం ఏమనుకుంటారు? కలరా నా బానలో దిగిందనుకున్నారు. సాయంత్రానికి నా వీధిలో మనిషి లేడు. చర్చి ఫాదరుగారు వచ్చి దీవించారు గానీ, వీధి అవతలి గట్టున నిలబడి దీవించారు. పవిత్రజలం ఇక్కడిదాకా చేరలేదు. ఎవరో పొడవాటి వాసం తెచ్చి నా జెండాను వాకిట్లోంచి పీకేశారు. సతుర్నీనా ఒకప్పుడు నా దగ్గర తీసుకున్న దువ్వెనను కంచె మీదుగా విసిరేసింది. తీసుకున్నప్పుడు దానికి పళ్ళన్నీ ఉండేవి.

ఇక అసలు భయం. ఎవరో దళానికి కబురు పెట్టారు. శుక్రవారం వస్తున్నారు. నా ఒక్క ఇంటికి కాదు, ఊళ్ళో ప్రతి చీచా ఇంటికీ. మడ్డి ఉన్న పాత్ర, కాలవ నీళ్ళతో కడిగిన పాత్ర ఏది కనపడినా సుత్తే. చిల్లిచి పంపాలో మడ్డి లేని బాన ఎక్కడుంది? ఊరు ఊరంతా వణికిపోతోంది. ఇదంతా నీ వల్లేనని తేల్చారు. నువ్వు కనపడితే నిన్నే బానలో నానబెడతామంటున్నారు.

పండక్కి కాచిన మొక్కజొన్న నీళ్ళు రాగి కాగులో అలాగే ఉన్నాయి. పోసి పులియబెడదామంటే బాన లేదు. నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే పెంకులు కనపడుతున్నాయి. నువ్వు చదువుకున్నవాడివి, ఆ దళం వాళ్ళతో మాట్లాడగలవు. నిన్ను తిట్టను. నువ్వే రా.

ఎర్మీనియా అత్త

తా.క.: వెనిగర్ పడిన చోట చీమలన్నీ వెళ్ళిపోయాయి. నా ఇంట్లో ఇప్పటిదాకా పనికొచ్చిన శుభ్రత ఇదొక్కటే.

*

కొచబంబా, బుధవారం

ఎర్మీనియా అత్తకూ, చిల్లిచి పంపాలో బానలున్న ప్రతి ఇంటికీ, నన్ను నానబెట్టాలనుకుంటున్న ప్రతి ఒక్కరికీ రెనాన్ నమస్కారం.

అత్తా, ఈ ఉత్తరం చర్చి ముందు బల్ల ఎక్కి గట్టిగా చదవండి. మీ బానలో కలరా లేదని ముందుగా చెప్పండి. అందులో ఉన్నది నా తెలివితక్కువతనం. తెలియనిదాన్ని తెలిసినట్టు రాశాను.

మీ ఉత్తరం అందగానే ఈ పొద్దున ఆరోగ్య కార్యాలయానికి వెళ్ళాను. చెప్పాల్సిందంతా దారిలో తయారు చేసుకున్నాను. పెద్ద డాక్టరు బల్ల మీద చెయ్యి వేసి నిలబడి, కాలవ శుభ్రం చేయనివాడికి బాన పగలగొట్టే హక్కు లేదన్నాను. కొళాయి ముందు, సుత్తి తర్వాత అన్నాను. లోయలో పేదదాని ఇంట్లో ఉన్న ఒక్క ఆస్తి మట్టిది కాబట్టే మీకంత సులువుగా పగులుతోందన్నాను. బయట వరసలో కూచున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. నా గొంతు నాకే బాగుందనిపించింది.

డాక్టరు అంతా విన్నాడు. కోపగించుకోలేదు. ఆయన వారం రోజులుగా నిద్రపోయినట్టు లేడు. బ్లీచ్ గురించి ఏం తెలుసు అని అడిగాడు. ఈ వారంలో నేర్చుకున్నదంతా చెప్పాను. చిన్న అక్షరాలతో సహా. ఆయన "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా" అన్నాడు. దళంలో ఒక మనిషి తక్కువయ్యాడట. ఎక్కడో ఒక ఆవిడ చీచా గరిటెతో తరిమితే పని మానేశాడట. వద్దనే లోపల నా ఒంటి మీద తెల్ల చొక్కా వేశారు.

అత్తా, కూచుని వినండి. మీరు బల్ల మీద ఉంటే దిగి వినండి. శుక్రవారం మన ఊరికి వచ్చే దళంలో సుత్తి పట్టుకునేవాణ్ణి నేనే.

నాకు భయంగా ఉంది. కలరా అంటే భయం. మీరంటే భయం. నా చేత్తో మీ బాన పగలగొట్టాల్సి వస్తుందేమోనని ఎక్కువ భయం. మానేస్తే ఇంకొకడు వస్తాడు. వాడికి మీ బాన ఎవరి గాడిద మీద వచ్చిందో తెలియదు. అందుకే మానలేదు.

డాక్టరు చేత ఒక్క మాట ఒప్పించుకున్నాను. ఆయన జీపులో మధ్యాహ్నానికి వస్తారు. వచ్చేసరికి కడిగి, కాచిన నీళ్ళతో తొలిచి, ఎండలో బోర్లించి కనపడిన పాత్రను ముట్టుకోరు. నేను పొద్దున బస్సుకే వస్తాను. ఈ మధ్యలో ఉన్న సమయమే మనది. ఇప్పుడు చెప్పేది లిగియా పక్కన కూచుని రాయించింది. ఇందులో నా సొంత మాట ఒక్కటీ లేదు, కాబట్టి నమ్మండి.

మట్టిబానలకు బ్లీచ్ వద్దు. మట్టి దాన్ని తాగేస్తుంది, వదలదు. మడ్డి తోడేసి, సలసల మరిగే నీళ్ళు పోసి తొలవాలి, ఎండబెట్టాలి. రాగి కాగుకూ బ్లీచ్ వద్దు, తినేస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ములు, బకెట్లు, గరాటులు, సీసాలు ముందు సబ్బుతో తోమి బాగా కడగాలి, పులుపు వాసన రాకూడదు. ఆ తర్వాతే బకెట్ చన్నీళ్ళకు రెండు పెద్ద చెంచాల బ్లీచ్. అంతకు మించి దయలేనితనం వద్దు. పాత్ర లోపలంతా ఆ నీళ్ళు తగిలేలా కాసేపు ఉంచి పారబోసి, వాసన పోయేదాకా కాచి చల్లార్చిన నీళ్ళతో తొలవాలి. పని వాకిట్లో చెయ్యాలి, గదిలో కాదు. సబ్బూ బ్లీచూ ఒకేసారి కలపకూడదు. పుల్లటిది దరిదాపుల్లో ఉండకూడదు. చీచాకు ఇకమీదట కాలవ నీళ్ళు కాదు, బావి నీళ్ళు, అవీ కాచినవి.

తీసిన మంచి మడ్డిని ఎవరూ పారబోయకండి. మూత ఉన్న గిన్నెలో దాచండి. అత్త బాన ఈ పండక్కి లేవదు. మరిగే నీళ్ళు పోస్తూ, తీస్తూ, ఎండబెడుతూ ఉంటే ఎప్పటికో వాసన వదలొచ్చంటోంది లిగియా, వదలకపోవచ్చు కూడా అంటోంది. దళం చూసేసరికి మాత్రం అది పగలకుండా నిలబడి ఉండాలి. అత్త కాగులోని మొక్కజొన్న నీళ్ళను ఇంకొక్కసారి మరిగించి, చల్లార్చి, సతుర్నీనా కొత్త డ్రమ్ములో పోద్దాం. సతుర్నీనా అక్కా, పులవడానికి తోడుగా నీ మడ్డిలోంచి ఒక గరిటె అందులో వెయ్యి. అత్తా, ఆమె వేసేటప్పుడు పందుల మాట ఎత్తకండి. కావాలంటే నన్ను తిట్టండి, ఇద్దరూ కలిసి తిట్టండి.

కాలవ సంగతి నేను వదిలిపెట్టలేదు. పదో పేజీ రాస్తున్నాను. కానీ శుక్రవారం పేజీలు వద్దు, నీళ్ళు కావాలి.

ఇట్లు,
మీవాడే అయిన, తెల్ల చొక్కా వేసుకున్న, మీ గరిటెకు అందేంత దూరంలో నిలబడబోతున్న
రెనాన్

తా.క.: సుత్తి నా సంచిలోనే ఉంది. శుక్రవారం పొద్దున అది బస్సులో సీటు కింద మరిచిపోతాను. నతనియేల్ ఒప్పుకున్నాడు. మరిచిపోయిన వస్తువును ఆ రోజే తిరిగిచ్చే అలవాటు తనకు లేదన్నాడు. కానీ ఆ బస్సు మధ్యాహ్నం పన్నెండింటికి మళ్ళీ మన ఊరి మీదుగానే వెనక్కొస్తుంది, డాక్టరు జీపూ అదే వేళకు దిగుతుంది, ఆయన అడిగితే సుత్తి తీయక తప్పదు. కాబట్టి శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకల్లా చర్చి ముందుకు రండి. బానలున్నవాళ్ళు బానలతో, లేనివాళ్ళు కట్టెలతో, ముసలివాళ్ళు నీళ్ళ కాగులతో, నా మీద కోపం ఉన్నవాళ్ళు ఆ కోపంతో, అందరూ రండి. ఎనిమిదింటికి పొయ్యిలు వెలగాలి.